చేపల లారీలో వచ్చిన జెర్సీ

కోడి కూసే వేళకి ఆవు అరిచింది. అంతోని మంచం మీంచి ఒక్క దూకు దూకాడు.

మేత కోసం అరిస్తే అతను పక్కకి తిరిగి పడుకునేవాడే. ఈ అరుపు వేరు. మెడ చాచి, మూతి పైకెత్తి, నాలుగు వీధులకీ వినపడాలని అరిచే అరుపు. పాకలోకి పరుగెత్తి తోక ఎత్తి చూశాడు. అద్దంలాంటి జిగురు తీగలా సాగి కిందకి జారుతోంది.

"తెరేసా! లెగు! బొల్లావు ఎదకొచ్చింది!"

తెరేసమ్మ లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. మొగుడి సంతోషం చూసి తనూ సంతోషపడే అలవాటు ఆవిడకి ఎప్పుడో పోయింది.

"ఇవ్వాళ ఏ వారం?"

"బుధవారం."

"అయితే వచ్చి పడుకో."

ఆ మాట ఊరికే అన్నది కాదు. చినమేరక పశువుల ఆసుపత్రికి జెర్సీ మందు విజయవాడ నుంచి మంగళవారం, శుక్రవారం మాత్రమే బస్సులో వస్తుంది. మందంటే జెర్సీ ఆబోతు విత్తనం. ఊళ్ళో మర్యాదకి మందంటారు. వచ్చిన పూటే చుట్టుపక్కల ఊళ్ళ ఆవులకి అయిపోతుంది. ఎద చూస్తే ఒక్క పగటి ముచ్చట. పొద్దున అరిచిన ఆవుకి దీపాలు పెట్టేలోగా సూది పడాలి, లేదా మళ్ళీ మూడు వారాలు ఆగాలి. బొల్లావుకి ఈ వారాల గొడవ పట్టదు. కిందటిసారి గురువారం అరిచింది. అంతకు ముందు ఆదివారం అరిచింది.

ఊళ్ళో ఆబోతు లేక కాదు. పెద్ద రైతులెవరో మొక్కుకుని వదిలిన ఒంగోలు ఆబోతు, కొండలా ఉంటుంది, దర్జాగా తిరుగుతుంది. ఎవరి చేలో మేసినా ఎవరూ అదిలించరు. "దానికి బస్సు అక్కర్లేదు, డాక్టరూ అక్కర్లేదు" అని తెరేసమ్మ వందసార్లు చెప్పింది. అంతోని వినలేదు.

వినకపోవడానికి కారణం ఉయ్యూరు అవతల సిస్టర్ల మఠంలో ఉంది. రెండేళ్ళ కిందట అక్కడికి గడ్డి బండి తోలుకెళ్ళినప్పుడు ఆ ఆవుని చూశాడు. బెల్లం పాకం రంగు. కాటుక పెట్టినట్టు కళ్ళు. మూతి చుట్టూ సున్నంలో ముంచి తీసినట్టు తెల్లటి పట్టీ. మూపురం లేదు, వీపు బల్లలా ఉంది. ఇదేం ఆవు అని నవ్వబోయాడు. ఈలోగా ఒక సిస్టరు వచ్చి పొదుగు కింద బకెట్టు పెట్టింది. దూడని వదల్లేదు, చేపమని బతిమాలలేదు. ధార పడింది, పడుతూనే ఉంది, బకెట్టు నిండింది. "ఇంకో బకెట్టు తీసుకురా" అని కేకేసింది సిస్టరు. అంతోని నవ్వు అక్కడ ఆగిపోయింది. ఇంటికి వచ్చేదాకా ఆ రెండో బకెట్టే కళ్ళ ముందు ఆడింది. తన బొల్లావు ఎంత మేపినా చెంబు దాటేది కాదు.

దీని కడుపున ఆ జాతి పెయ్య పుట్టాలి. అంతే. ఆ రోజు నుంచీ ఊరి ఆబోతుని బొల్లావు దగ్గరికి రానివ్వలేదు. జెర్సీ మందూ అందలేదు. రెండేళ్ళు ఆవు గడ్డి తిని పేడ వేసింది.

"ఈసారి కట్టకపోతే శనివారం సంతకి తోలేస్తా" అంది తెరేసమ్మ, మంచం దిగుతూ. "బేరగాడికి మాటిచ్చేశా. కోతకి పోతే పోనీ. నాకేం బాధ లేదు."

బాధ లేదన్నప్పుడు ఆవిడ పాక వైపు చూడలేదు.

"ఇవ్వాళే కట్టిస్తా" అన్నాడు అంతోని.

"ఏ మందుతో?"

"విజయవాడ పోయి నేనే తెస్తా."

అతను అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు.

పశువుల డాక్టరు సొలొమోను గారు వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నారు. కుర్రాడు, మంచివాడు, రెండేళ్ళలో ఏ రైతునీ కసరలేదు. అంతోని చెప్పింది విని వేపపుల్ల పారేశారు.

"మొదటి బస్సు అందుకో. పోస్టాఫీసు తెరవగానే నేను ఫోన్ చేయిస్తా, వాళ్ళు సిద్ధంగా ఉంచుతారు. పొద్దు గుంకేలోగా నా చేతికి రావాలి." లోపలికి వెళ్ళి ఫ్లాస్కు తెచ్చారు. "ఒకటే మాట. ఇందులో ఐసు ఉంటుంది. ఐసు కరిగి వేడెక్కితే అవి చస్తాయి. అలాగని గడ్డకట్టినా చస్తాయి. చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. తెలిసిందా?"

"తెలిసిందండీ."

"ఏం తెలిసింది?"

"వేడెక్కకూడదు, గడ్డకట్టకూడదు."

"వెళ్ళు మరి!"

అంతోని పరుగెత్తాడు. కాలవలకి నీళ్ళు వదిలిన వారం అది. గట్లన్నీ బురద. చెప్పులు చేత్తో పట్టుకుని, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, కదిలిన బస్సు వెనక మెట్టు అందుకున్నాడు.

విజయవాడలో పని చిటికెలో అయింది. గవర్నర్‌పేటలో బస్సు దిగి రిక్షా ఎక్కాడు. ఫోన్ అందింది కాబట్టి వాళ్ళు గుమ్మంలోనే ఎదురొచ్చారు. వేలెడంత గాజు గొట్టం, నోటికి బిరడా, చుట్టూ దూది. అందులో అడుగున తెల్లటి నీళ్ళు.

"ఇంతేనాండీ?" అన్నాడు అంతోని.

"ఇంతలో కోట్లు ఉంటాయయ్యా. నీకు కావాల్సింది ఒక్కటే కదా" అన్నాడు ఇచ్చినాయన.

ఫ్లాస్కు మూత బిగించారు. అంతోని దాన్ని రెండు చేతులా పట్టుకుని గుణదల కొండ వైపు తిరిగి, "తల్లీ, ఇంటిదాకా చూసుకో" అని మొక్కుకుని మళ్ళీ రిక్షా ఎక్కాడు. గంటకొట్టినట్టు బందరు వైపు బస్సు దొరికింది. ఇంత సులువుగా జరుగుతుంటే అనుమానం రావాల్సింది. రాలేదు. మనిషి ఆనందంలో ఉన్నాడు.

బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు ఫ్లాస్కు చూశాడు.

"కాఫీనా? నాక్కూడా ఓ గుక్క పొయ్యి."

"మందు."

"ఎవరికి?"

చుట్టూ ఆడవాళ్ళు ఉన్నారు. ఆబోతు విత్తనం అని ఎలా అంటాడు? అంతోనికి సిగ్గు ముంచుకొచ్చింది.

"ఇంట్లో ఆడమనిషికి" అన్నాడు.

బస్సంతా అయ్యో అంది. ఒక ముసలాయన లేచి తన సీటు ఇచ్చాడు. ఒకావిడ ఏ జబ్బని అడిగింది. "ఇదీ అని చెప్పలేం" అన్నాడు అంతోని. దాంతో అది చాలా పెద్ద జబ్బయింది. ఆవిడ చీర చెంగుతో కళ్ళొత్తుకుంది. చెప్పిన అబద్ధానికి సీటు దొరికింది కదా అని అంతోని కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

ఉయ్యూరు దాటాక టైరు పేలింది.

బస్సు ఎగిరి పడి, ఒక పక్కకి ఒరిగి, రోడ్డు దిగి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఫ్లాస్కు మాత్రం అంతోని ఒళ్ళోంచి జారి ఇనప రాడ్డుకి కొట్టుకుంది. లోపల ఠప్పుమంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలమంది. మూత తీశాడు. గాజు పెంకులు, వాటి మధ్య ఐసు నీళ్ళు. వేళ్ళు కోసుకుంటున్నా లెక్కచేయకుండా దూది కోసం వెతికాడు. గొట్టం దొరికింది. ఎండకి ఎత్తి చూశాడు. పగల్లేదు!

పగల్లేదు, సరే. ఐసో? ఫ్లాస్కు ఇప్పుడు ఉత్త రేకు డబ్బా. జూలై ఎండ. మిగిలిన నాలుగు ముక్కలు చూస్తుండగానే నీరవుతున్నాయి.

"టైరు మార్చడానికి ఎంతసేపు?" అని అరిచాడు.

"మారుస్తాం, స్టెప్నీ ఉంటే" అన్నాడు డ్రైవరు.

అంతోని రోడ్డు మధ్యలో నిలబడి వచ్చిన ప్రతి బండికీ చేతులు ఊపాడు. కారు ఆగలేదు. జీపు ఆగలేదు. మూడోది దూరం నుంచే వాసన కొట్టింది. చేపల లారీ.

ఆ లారీ కాశీరావుది. చినమేరక పక్కనున్న పల్లెపాలెం వాడు, అంతోనితో పాటు ఒకే బడిలో పలకలు పగలగొట్టినవాడు. సముద్రం చేపలు విజయవాడ వన్ టౌన్‌లో దించి, మర్నాటి సరుక్కి ఐసు దిమ్మలు ఊకలో కప్పుకుని తిరిగొస్తున్నాడు. వెనక బుట్టల మీద మంగాయమ్మ, వీరమ్మ కూర్చున్నారు. ఇద్దరూ చేపలమ్ముకునేవాళ్ళు. ఆ ఇద్దరి నోట్లో పడిన కబురుకి పోస్టాఫీసు అక్కర్లేదు.

"ఏం బావా! రోడ్డు నీ అబ్బదా, అడ్డంగా నిలబడ్డావు?" అన్నాడు కాశీరావు.

"ఐసు! ఐసుందా?"

"ఐసు తప్ప ఇంకేం లేదు. ఏమైంది?"

"మందు. వేడెక్కకూడదు. ఫ్లాస్కు పగిలింది."

"ఎవరికి మందు?"

మంగాయమ్మ, వీరమ్మ మెడలు చాచి వింటున్నారు. అంతోని నేల చూశాడు. "ఇంట్లో ఆడమనిషికి. తెరేసకి" అన్నాడు.

కాశీరావు మొహం మారిపోయింది. అతనికి తెరేసమ్మ అంటే చెల్లెలి కింద లెక్క. పండక్కి చీర కాకపోయినా చేప పంపకుండా ఉండడు. ఇంకో మాట అడగలేదు. లారీ దిగి గొట్టం లాక్కున్నాడు.

"నువ్వు ముందెక్కి కూర్చో. మా చెల్లెమ్మ మందు నేను కడతా. రెండు రోజులైనా కరగదు, చూసుకో."

వెనక ఐసు కొడుతున్న చప్పుడు అంతోనికి పాటలా వినిపించింది. కాసేపటికి కాశీరావు డాల్డా డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టాడు. చుట్టూ ఊక, లోపల కొట్టిన ఐసు, నడుమ అరిటాకులో చుట్టిన గొట్టం, పైన తడి గోనె ముక్క. డబ్బా బయటే వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది.

"నీ రుణం తీర్చుకోలేను రా" అన్నాడు అంతోని.

ఆ రోజు కాశీరావుని మెచ్చుకున్న ఆఖరి మాట అదే.

లారీ ఎగిరింది. పామర్రు దాటింది. కాశీరావు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. కోళ్ళు, సైకిళ్ళు, బళ్ళు అన్నీ పక్కకి తప్పుకున్నాయి. వెనక మంగాయమ్మ తెరేసమ్మ కోసం ఏదో దేవతకి దణ్ణాలు పెడుతోంది. అంతోనికి గొంతెండిపోయింది. పొద్దుటి నుంచి గుక్క నీళ్ళు పడలేదు. గోనె ఎత్తి చిన్న ఐసు ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

ఉప్పగా ఉంది.

ఇంకో ముక్క వేసుకున్నాడు. ఇంకా ఉప్పగా ఉంది.

గుణదల తిరనాళ్ళలో ఐస్‌క్రీము తిప్పేవాణ్ణి అతను ఏటేటా చూస్తాడు. పాల డబ్బా చుట్టూ ఐసు పోసి, ఐసు మీద ఉప్పు చల్లుతాడు. ఉప్పు పడగానే ఐసు ఇంకా చల్లబడి, లోపలి పాలు రాయిలా బిగుసుకుంటాయి.

"ఆపు! లారీ ఆపు!"

బ్రేకు పడింది. వెనక ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. అంతోని డబ్బాతో సహా కాలవ గట్టు మీదకి దూకాడు.

"ఉప్పేశావా?"

"వెయ్యనా మరి?" కాశీరావు దిగి వచ్చాడు. "ఉప్పెయ్యకుండా ఐసు కడతారా ఎవరైనా? వంజరానికి ఒక గుప్పెడేస్తా. చెల్లెమ్మ కోసమని రెండు దోసిళ్ళు వేశా."

"చంపేశావు కదరా! గడ్డకట్టిందంటే అవన్నీ చస్తాయి!"

"ఏవి చస్తాయి? మందు చావడమేంటి?"

అంతోనికి సిగ్గూ పోయింది, మర్యాదా పోయింది. నడిరోడ్డు మీద గొంతు చించుకుని అరిచాడు. "విత్తనం! ఆబోతు విత్తనం! జెర్సీది! బొల్లావుకి!"

లారీ మీద వీరమ్మ నవ్వు మొదలుపెట్టింది. మంగాయమ్మ బుట్ట మీంచి కిందకి జారింది.

"ఇంట్లో ఆడమనిషికి అన్నావు కదరా!" అన్నాడు కాశీరావు.

"బొల్లావు ఆడది కాదా?"

"తెరేసకి అని పేరు పెట్టి మరీ చెప్పావు!"

అంతోని వినిపించుకోలేదు. అరిటాకు, దూది విప్పాడు. గొట్టం బయట తెల్లగా మంచు పట్టింది. పంచె చెంగుతో తుడిచి ఎండకి ఎత్తాడు. లోపల అంచు చుట్టూ సన్నటి పెచ్చు. నడుమ మాత్రం ఇంకా నీరులా కదులుతోంది. కదులుతోందా? మళ్ళీ వంచాడు. కదిలింది.

"ఐసు! ఉప్పు లేని ఐసు! తొందరగా!"

ఈసారి కాశీరావు కూడా పరుగెత్తాడు. మంగాయమ్మ నవ్వుతూనే ఊక తవ్వింది. వీరమ్మ డబ్బాని కాలవలో ముంచి ఉప్పంతా కడిగింది. కొత్త ఐసు కొట్టి పోశారు. అంతోని ప్రతి ముక్కా నాకి చూసి మరీ వేశాడు. దూది మీద తన తువ్వాలు చింపి ఇంకో చుట్టు చుట్టాడు. లారీ మళ్ళీ కదిలింది. కాశీరావు నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద తల పెట్టుకుంటుంటే, "రోడ్డు చూసి తోలు!" అని అంతోని కసిరాడు. ఇప్పుడు అతను డబ్బాని పసిపిల్లలా ఎదకి హత్తుకుని ఉన్నాడు.

లారీ చినమేరకలోకి వచ్చేసరికి పొద్దు తాటిచెట్ల మీదికి దిగింది. అంతోని ఇంటి ముందు జనం. జనం మధ్యలో తెల్లగా, ఎత్తుగా, పాక కప్పుకి సమానంగా, ఊరి ఆబోతు మూపురం.

అంతోని తోసుకుంటూ వెళ్ళాడు.

పాక గుమ్మానికి అడ్డంగా నులకమంచం నిలబెట్టి ఉంది. మంచానికి ఇవతల తెరేసమ్మ, చేతిలో తౌడు గంప. అవతల బొల్లావు అరుస్తోంది. ఆబోతు గంపలో తల దూర్చి తింటోంది. తినడం ఆపి ఆవు వైపు మూతి ఎత్తగానే తెరేసమ్మ ఇంకో గుప్పెడు పోసి, "తిను నాయనా, తిను" అంటోంది. గొంతు బొంగురుపోయింది. కర్ర ఎత్తడానికి లేదు. మొక్కు ఆబోతుని కిరస్తానీ పాలెంలో కొట్టారన్న మాట పుడితే ఊరు ఊరంతా మీదికొస్తుంది. ఆ సంగతి ఆబోతుకి కూడా తెలిసినట్టే ఉంది. అసలు తొందరపడట్లేదు.

"పొద్దుటి నుంచీ మేపుతున్నా" అంది తెరేసమ్మ. "ఏడాది తౌడు ఒక్క రోజులో మింగింది. గంపలో ఇంకా రెండు గుప్పిళ్ళే ఉంది. ఎక్కడ చచ్చావు?"

"ఆవుని ముట్టుకుందా?"

"నేనున్నంతసేపూ ముట్టుకోలేదు."

"నువ్వు లేనప్పుడో?"

తెరేసమ్మ గంప దించింది. "ఒక్కసారి కాలవకి నీళ్ళకి పోయా. వచ్చేసరికి ఇది పెరట్లో నిలబడి ఉంది. ఏం చేసిందో నన్నడుగుతావేం, దాన్నే అడుగు."

ఇంతలో మంగాయమ్మ వచ్చి తెరేసమ్మ నుదురు పట్టుకుని చూసింది. "అమ్మా, నీకు బాగానే ఉందా? మీ ఆయన నిన్ను పోయేదాన్ని చేశాడు!" అని మళ్ళీ నవ్వు. తెరేసమ్మ మొగుడి వంక చూసిన చూపుకి ఆబోతు కూడా ఒక అడుగు వెనక్కి వేసింది.

పలుపు విప్పి ఆవుని ఆసుపత్రికి తోలారు. ముందు డబ్బాతో అంతోని, వెనక ఆవుతో తెరేసమ్మ, ఆవిడ వెనక ఆఖరి రెండు గుప్పిళ్ళ తౌడు పట్టుకుని కాశీరావు, తౌడు వెనక ఆబోతు, దాని వెనక ఊరు.

సొలొమోను గారు గొట్టం తీసుకుని ఎండకి పెట్టి చూశారు. అంచున పెచ్చు కరిగింది కానీ ఆయన మొహం చిట్లించారు.

"గడ్డకట్టిందా?"

"అంచున. కొంచెం. ఉప్పు..." అని అంతోని కాశీరావుని చూశాడు.

డాక్టరు గారు గాజు పలక మీద ఒక్క బొట్టు వేసి, కిటికీ దగ్గరున్న మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను ఆనించారు. మర తిప్పారు. ఇంకా తిప్పారు. బయట బొల్లావు అరిచింది.

"చాలా వరకు చచ్చాయి" అన్నారు.

అంతోని గోడకి ఆనుకున్నాడు. శనివారం, సంత, బేరగాడి తాడు, అన్నీ ఒక్కసారి కనిపించాయి.

"చాలా వరకు అన్నాను. అన్నీ అనలేదు. రా, నువ్వే చూడు."

అంతోని వంగి కన్ను పెట్టాడు. ముందు తెల్లటి పొగ. తర్వాత పొగలో చుక్కలు, చుక్కలకి తోకలు. కొన్ని కట్టెల్లా పడి ఉన్నాయి. వాటి మధ్యలోంచి ఒకటి ఈదింది! దాని వెనక ఇంకోటి. అటు పది, ఇటు గుంపు. కాలవకి నీళ్ళు వదిలినప్పుడు చేపపిల్లలు ఎదురెక్కినట్టు తోకలు కొట్టుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.

"పోతున్నాయి! ఈదుతున్నాయి! తెరేసా, రా, చూడు!"

తెరేసమ్మ కన్ను పెట్టింది. చాలాసేపు తీయలేదు. "యేసయ్యా" అంది మెల్లగా. ఆ తర్వాత ఆవిడ శనివారం మాట ఎత్తలేదు.

కర్రల చట్రంలో ఆవుని నిలబెట్టారు. సొలొమోను గారు సబ్బుతో చెయ్యి రుద్దుకుని పని ముగించారు. రెండు నిమిషాల పని. బయట ఆబోతు తౌడు అయిపోయిందని రంకె వేసింది. ఎద దిగేదాకా ఆవుని ఆసుపత్రి కొట్టంలోనే ఉంచి గొళ్ళెం పెట్టారు.

మూడు వారాలు గడిచాయి. బొల్లావు అరవలేదు. చూలు నిలిచింది. నిలిచింది సరే, ఎవరిది? దీని మీద ఊరు తొమ్మిది నెలలు బతికింది.

కాశీరావు ఆ కథని బందరు నుంచి విజయవాడ దాకా ప్రతి టీ కొట్టు దగ్గరా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఉప్పు ఒక దోసిలి పెరిగింది. లారీ చినమేరక మీదుగా పోతే హారన్ కొట్టి మరీ అరిచేవాడు. "బావా! దూడ ఎండుచేపలా పుడితే నాకే ఇవ్వు, సంతలో అమ్ముతా!" ఇంకోసారి, "అదంతా ఎందుకు బావా, నీ పెళ్ళాం నీళ్ళకి పోయినప్పుడే ఆబోతు పని కానిచ్చింది. నువ్వు విజయవాడ పోయింది ఉత్త షికారు!"

అంతోని అతనితో మాట్లాడటం మానేశాడు. ఎదురొస్తే రోడ్డు మారేవాడు. క్రిస్మస్‌కి కాశీరావు పంపిన కొరమేనుని వెనక్కి పంపాడు. తెరేసమ్మ మధ్యలోనే ఆపి కూర వండింది. అంతోని తిన్నాడు కానీ మాట్లాడలేదు.

"నువ్వు అబద్ధం చెప్పావు. అతను ప్రేమ కొద్దీ ఉప్పేశాడు. ఐసు ఇచ్చింది కూడా అతనేగా?" అంది తెరేసమ్మ.

"ఇచ్చిన చేత్తోనే చంపబోయాడు."

"బతికాయిగా?"

"అతని వల్ల కాదు."

ఆవిడ నిట్టూర్చింది. "ఒకటి మాత్రం విను. దూడ ఎర్రగా పుడితే అప్పుడే గంతులెయ్యకు. ఒంగోలు దూడలు కూడా ఎర్రగానే పుడతాయి, తర్వాత తెల్లబడతాయి. మూతి చూడాలి."

మూతి. సిస్టర్ల మఠంలో చూసిన ఆ తెల్ల పట్టీ. అంతోనికి కలలో కూడా మూతులే కనిపించాయి.

ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం పొద్దున, గుడి గంట కొట్టే వేళ, బొల్లావు నేల మీద పడుకుని మూలిగింది. అంతోని ఈతమట్ట పారేసి పాకలోకి దూకాడు. తెరేసమ్మ వేడినీళ్ళు పెట్టింది. కబురు ఎలా పోయిందో గానీ, ఊరేగింపులో ఉండాల్సిన సగం మంది మట్టలు పట్టుకుని పాక ముందు నిలబడ్డారు. సొలొమోను గారు చొక్కా చేతులు మడిచి వచ్చారు. అందరి వెనక లారీ ఆగిన చప్పుడైంది. కాశీరావు దిగాడు. ఈసారి హారన్ కొట్టలేదు.

ముందు కాళ్ళు కనిపించాయి. గిట్టలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. వాటి మీద ఆనించుకుని మూతి ఉంది, కానీ దాని నిండా మాయ. ఆవు నొప్పి తీసింది. ఆగింది. మళ్ళీ తీసింది.

"లాగనా డాక్టరు గారూ?"

"నొప్పి వచ్చినప్పుడే. మెల్లగా, కిందకి."

ఇంకో నొప్పి. తల బయటపడింది, భుజాలు పడ్డాయి, ఆ తర్వాత మొత్తం ఒక్కసారి జారి గడ్డి మీద పడింది. ఎర్రగా ఉంది. ఎవరో "ఎర్రది!" అన్నారు. "ఒంగోలువీ ఎర్రగానే ఉంటాయి" అని ఇంకెవరో అన్నారు. అంతోని ఎవరి మాటా వినలేదు. రెండు వేళ్ళతో దూడ మూతి మీద మాయ తుడిచాడు. ముక్కు నల్లగా ఉంది. ఇంకా తుడిచాడు. ముక్కు చుట్టూ, పెదవి చుట్టూ, సున్నంలో ముంచి తీసినట్టు తెల్లటి పట్టీ.

"పట్టీ!" అని అరిచాడు. "పట్టీ ఉంది! చూడండి! పట్టీ!"

వీపు తడిమాడు. బల్లలా ఉంది.

"అది సరేనయ్యా," అంది తెరేసమ్మ, "వెనక చూశావా?"

నిజమే. కోడెదూడ అయితే? మూపురం లేని కోడెకి కాడి ఎక్కడ ఆనుతుంది? ఇంత పాటూ దండగే. తెరేసమ్మే వంగి వెనక కాలు ఎత్తింది. చూసింది. కాలు దించింది. ఆవిడ మొహంలో చాలా ఏళ్ళుగా లేనిదేదో వచ్చింది.

"పెయ్య" అంది.

పాక ముందు మట్టలన్నీ గాల్లోకి లేచాయి. గుడి దగ్గర మొదలుకావాల్సిన పాట ఇక్కడే మొదలైంది. సొలొమోను గారు అంతోని భుజం తట్టారు. పెయ్య వణుకుతూ లేచి, పడి, మళ్ళీ లేచి, కాటుక కళ్ళతో అందరినీ చూసి పొదుగు వెతుక్కుంది.

రెండోనాటి పాలతో తెరేసమ్మ జున్ను వండింది. బెల్లం, మిరియాలు, యాలకులు. ఇంటింటికీ పంపారు. ఫాదరు గారికి, డాక్టరు గారికి, మంగాయమ్మకి, వీరమ్మకి. ఆబోతుకి కూడా అరిటాకులో పెట్టి తౌడుతో కలిపి పెట్టింది తెరేసమ్మ.

కాశీరావుకి మాత్రం అంతోనే స్వయంగా వండాడు. చిన్న గిన్నె తీసుకుని, జున్నుపాలు పోసి, బెల్లం డబ్బా పక్కన పెట్టి ఉప్పు కుండలో చెయ్యి పెట్టాడు. ఒక గుప్పెడు వేశాడు. ఆలోచించి ఇంకొంచెం వేశాడు.

తెరేసమ్మ గుమ్మంలోంచి చూసింది. "పెద్ద వారంలో పాడు పని," అని తల తిప్పుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం కాశీరావు లారీ ఆపి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అంతోని ఒక్క మాట మాట్లాడకుండా గిన్నె ముందు పెట్టాడు. వీధిలో నలుగురు ఆగారు. కాశీరావు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపాడు. అంతోని కళ్ళలోకి చూశాడు. మళ్ళీ నమిలాడు, మింగాడు. రెండో ముక్క తీసుకున్నాడు. మూడోది. గిన్నె అడుగు వేలితో తుడిచి నాకాడు. మీసం తుడుచుకుని గిన్నె తిరిగిచ్చాడు.

"బాగుంది బావా," అన్నాడు. "ఉప్పు కాస్త తగ్గింది."

వీధిలో నలుగురూ పడీ పడీ నవ్వారు. అంతోని నవ్వలేదు. నవ్వితే క్షమించినట్టవుతుంది. గిన్నె పట్టుకుని గంభీరంగా పాకలోకి నడిచాడు. పెయ్య పక్కన కూలబడి, దాని మెడలో మొహం దాచుకుని, చప్పుడు బయటికి పోకుండా అప్పుడు నవ్వాడు.